పోయిన సామాన్ల గదికి ముప్పై శాతం వృద్ధి

కొండగుంట బస్టాండులో పోయిన సామాన్ల గది సైకిల్ స్టాండుకీ మరుగుదొడ్లకీ మధ్య ఉంటుంది. వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి అది ముందు ముక్కుకి తెలుస్తుంది, తరవాత కంటికి కనిపిస్తుంది. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, నాలుగు ఇనప బీరువాలు. కుర్చీలో లోవరాజు.

లోవరాజు ఇరవై ఆరేళ్ళు కండక్టరుగా నిలబడి ఉద్యోగం చేశాడు. మోకాళ్ళు రెండూ కూడబలుక్కుని ఒకేసారి ఎదురు తిరిగాయి. డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి దక్షిణ మండల ప్రజా రవాణా సంస్థ అతణ్ణి ఈ గదిలో కూర్చోబెట్టింది. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నరా ఈ కుర్చీలోనే గడిచిపోవాలని అతని కోరిక. అంతకు మించి అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

బస్సులో దొరికిన సామానుని ఎవరైనా ఏం చేస్తారు? బీరువాలో పెట్టి తాళం వేస్తారు. లోవరాజు అలా చెయ్యడు. ముందు దాన్ని బల్ల మీద పెట్టుకుని కాసేపు చూస్తాడు. ఏ బస్సు, ఏ ట్రిప్పు, కిటికీ పక్కా లోపలా అని కండక్టర్ని అడుగుతాడు. టిఫిన్ క్యారేజీ అయితే మూత తీసి వాసన చూసి, వండినవాళ్ళది ఏ ఊరో అంచనా వేస్తాడు. ఒకసారి ఏడు నలభై గోపవరం బస్సులో కట్టుడు పళ్ళ సెట్టు దొరికింది. పళ్ళ సందుల్లో వక్కపొడి ఉంది. కట్టుడు పళ్ళతో వక్కపొడి నమిలే మొండిఘటం గోపవరం రూట్లో ఎవరుంటారా అని నలుగురు కండక్టర్లని విచారించి కబురు పెట్టాడు. సాయంత్రానికల్లా ఒక రిటైర్డు మాస్టారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా పట్టుకుపోయాడు.

కిందటేడాది ఆ గదికి వచ్చినవి నాలుగు వందల పన్నెండు సామాన్లు. సొంతదారులకి చేరినవి నాలుగు వందల మూడు. మిగిలిన ఆ తొమ్మిదీ లోవరాజుకి పంటి కింద రాళ్ళు. గది ఖాళీగా ఉంటే అతనికి కడుపు నిండినట్టుంటుంది.

అలాంటి రోజుల్లో సంస్థకి ఆన్‌లైన్ సోకింది.

పైనెక్కడో ఒక పెద్దాయన ఏదో సభకి వెళ్ళాడట. అక్కడొకడు తన పచ్చళ్ళ వ్యాపారాన్ని ఫోనులో ప్రచారం చేసి ఆరు నెలల్లో పదింతలు చేశానని చెప్పాడట. పెద్దాయన తిరిగొచ్చి, "పచ్చళ్ళకి సాధ్యమైనది మనకెందుకు సాధ్యం కాదు?" అని సమావేశంలో అడిగాడట. జవాబు తెలిసినవాళ్ళు ఆ గదిలో కనీసం పదిమంది ఉన్నారు. కాని ప్రమోషన్ల జాబితా అప్పటికింకా సంతకం కాలేదు. అందుకని అందరూ చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సంస్థలోని ప్రతి విభాగమూ ఇకమీదట ఒక వ్యాపార విభాగముగా పరిగణింపబడును. ప్రతి వ్యాపార విభాగమూ ఆన్‌లైన్ మార్కెటింగ్ మాధ్యమముల ద్వారా మూడు మాసములకు ముప్పై శాతము చొప్పున తన వ్యాపారమును వృద్ధి చేసుకొనవలెను. వృద్ధి చెందని విభాగములు మూసివేయబడును. అందలి సిబ్బంది తిరిగి బస్సులపైకి పంపబడుదురు."

ప్రతి విభాగమూ అంటే ఏయే విభాగాలో రాసినవాళ్ళు లెక్క చూసుకున్నట్టు లేదు.

ఆ వృద్ధిని దగ్గరుండి జరిపించడానికి డిజిటల్ వృద్ధి అధికారి పరాంకుశంగారు కొండగుంట వచ్చారు. మనిషి పొట్టి, మెడలో గుర్తింపు కార్డు తాడు పొడుగు. వెనకాల డిపో మేనేజరు త్రిమూర్తులుగారు. త్రిమూర్తులుగారు మంచివాడు, అందుకని పై అధికారులు వచ్చినప్పుడల్లా నేలచూపులు చూస్తూ ఉంటాడు. ఇద్దరూ గదులన్నీ తిరిగి, చివరికి ముక్కులు మూసుకుని లోవరాజు గదికి వచ్చారు.

"మీ విభాగపు ప్రధాన ఉత్పత్తి ఏమిటి?" అన్నారు పరాంకుశంగారు.

"పోయిన సామాన్లండి," అన్నాడు లోవరాజు లేచి నిలబడి.

"రోజువారీ రాబడి?"

"ఒకటో రెండో వస్తాయండి. ఒక్కోరోజు అదీ ఉండదండి."

"ప్రస్తుత నిల్వ?"

"తొమ్మిదండి. మిగతాయి ఇచ్చేసేనండి."

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి అతనివంక చూశారు. "ఎవరికి ఇచ్చేశారు?"

"పోగొట్టుకున్నోళ్ళకండి."

"చూశారా త్రిమూర్తులుగారూ? నిల్వను ఏడాది పొడవునా ఎవరు పడితే వారికి ఇచ్చేశారు. కస్టమర్‌ను ఒక్క సందర్శనలోనే తృప్తిపరచి పంపివేస్తే విభాగంతో అతని అనుబంధం ఏ విధంగా బలపడుతుంది?"

త్రిమూర్తులుగారు నేలమీద ఏదో వెతికాడు. లోవరాజుకి ఎలాగూ దాపరికం తెలీదు కాబట్టి ఉన్న సందేహం అడిగేశాడు.

"ముప్పై శాతం పెరగాలంటేనండి, జనం ఇంకో ముప్పై శాతం పారేసుకోవాలి కదండి?"

"శభాష్! గిరాకీ సృష్టి అన్న భావనను ఒక్క ముక్కలో చెప్పారు."

"మరి ఆళ్ళెందుకు పారేసుకుంటారండి?"

"అవగాహన లేక పారేసుకోవడం లేదు, లోవరాజుగారూ. మీరు ఒకరున్నారనీ, మీ సేవలు ఫలానా విధంగా ఉంటాయనీ ప్రజలకు తెలియదు. తెలియజేయడమే మార్కెటింగ్. మూడు మాసాలు మీకు గడువు. లేదా కొండ రూటులో ఒక కండక్టరు ఖాళీ ఉంది."

కొండ రూటు అంటే నూట నలభై మలుపులు. బస్సులో కూర్చున్నవాళ్ళే పట్టుకోడానికి కడ్డీ వెతుక్కుంటారు. లోవరాజు మోకాళ్ళకి ఆ మాట వినగానే చెమటలు పట్టాయి. ఏం చెయ్యమంటే అది చేస్తానన్నాడు.

ఆ పూటే గదికి ఆన్‌లైన్‌లో ఒక పేజీ తెరిచారు. "నిశ్చింతగా మరచిపోండి, మేమున్నాం" అని దానికి నినాదం. మొదటి పోస్టుగా, ఉన్న తొమ్మిది సామాన్లలోంచి ఒక నల్ల గొడుగు ఫోటో పెట్టారు. మధ్యాహ్నానికి పదకొండు లైకులు వచ్చాయి, అందులో తొమ్మిది డిపోవాళ్ళవే. సాయంత్రానికి మాత్రం ఆ గొడుగు నాదంటే నాదని రెండు వందల పధ్నాలుగు మంది రాశారు.

ఇదివరకు ఎవరైనా గొడుగు కోసం వస్తే లోవరాజు, "ఎలాగుంటాదండి మీది?" అని అడిగేవాడు. పిడి వంకరనీ, గుండీ ఊడిందనీ, మా ఆవిడ దారంతో కట్టిందనీ వాళ్ళే చెప్పుకొచ్చేవారు. అందులో ఆయన ఎవరో, గొడుగు ఎవరిదో తేలిపోయేది. ఇప్పుడు పిడీ, గుండీ, దారం అన్నీ ఊరంతా చూసింది. ఒకాయనైతే గొడుగు పట్టుకున్న లోవరాజు బొటనవేలి మీద పుట్టుమచ్చని కూడా వర్ణించి, ఆనవాలు సరిపోయిందా అని అడిగాడు.

"ఇయ్యన్నీ చూసి ఎవరిదని ఇవ్వమంటారండి?" అన్నాడు లోవరాజు ఫోనులో.

"ఇవ్వవద్దు!" అన్నారు పరాంకుశంగారు ఆనందంగా. "ఒక్క గొడుగుకు రెండు వందల పధ్నాలుగు మంది ఆశావహులు. ఒకరికి ఇస్తే రెండు వందల పదమూడు మందిని నిరాశపరచిన వారమవుతాము."

తరవాత రీళ్ళు మొదలయ్యాయి. లోవరాజు ఒక టిఫిన్ క్యారేజీ చేత్తో పట్టుకుని, మూత తీసి, "ములక్కాడ జీడిపప్పు కూరండి. ఉప్పు ఒక్క పిసరు ఎక్కువయ్యింది. ఎవరిదమ్మా ఇది?" అని మామూలుగా అడిగాడు. అది రెండు లక్షల మంది చూశారు. ఉప్పు ఎక్కువ కాదని కొందరు, వండిన ఆవిడని అవమానించాడని కొందరు, ములక్కాడలో జీడిపప్పు వేసే ఊరు అసలు ఊరే కాదని కొందరు నాలుగు రోజులు కొట్టుకున్నారు. క్యారేజీ సొంతదారు మాత్రం రాలేదు. లోవరాజుని బజార్లో జనం గుర్తుపట్టి ఫోటోలు తీసుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఒక వారం రోజులు అతనికీ బాగానే ఉంది. మీసానికి కొంచెం రంగు కూడా వేశాడు.

నెల తిరిగేసరికి పేజీని నలభై వేలమంది అనుసరిస్తున్నారు. వచ్చే సామాన్లు మాత్రం రోజుకి ఒకటో రెండో. పరాంకుశంగారు తెర మీద గీతలు చూపించి కారణం కనిపెట్టారు.

"ప్రజలలో మరచిపోవాలన్న సదుద్దేశం పుష్కలంగా ఉంది. కాని మన సంస్థే స్వయంగా అడ్డుకుంటోంది!"

ఎలాగంటే, ప్రతి బస్సులోనూ 'మీ సామానులు మీరే చూసుకొనవలెను' అని రాసి ఉంది. వ్యాపారానికి ఇంతకన్నా నష్టం చేసే ప్రకటన ఇంకెక్కడైనా ఉంటుందా? మర్నాడే పెయింటర్లు వచ్చి అన్ని బస్సుల్లోనూ దాన్ని కొట్టేసి, 'మీ సామానులు మేము చూసుకొందుము' అని రాశారు. కండక్టర్లకి మెమో వెళ్ళింది: "దిగిపోవుచున్న ప్రయాణికులను వెనుకకు పిలిచి వారి మరపునకు అంతరాయము కలిగించరాదు." అలవాటు కొద్దీ "అమ్మా, బుట్ట!" అని కేకేసిన ఇద్దరు కండక్టర్లకి సంజాయిషీ నోటీసులు అందాయి.

మరచిపోయినవారు పేజీలో రాసుకుంటే ఫోనుకి ఒక కోడు వస్తుంది, అది చూపిస్తే సామాను ఇచ్చేస్తారు. పైగా ఆఫర్లు పెట్టారు. మూడు సామాన్లు మరచిపోయినవారు వెండి సభ్యులు, పది దాటితే బంగారు సభ్యులు. ప్రారంభోత్సవానికి, ఫోన్లో చీరలు కట్టి చూపించే ఒక అమ్మాయిని పట్నం నుంచి పిలిపించి, కెమెరాల ముందు హ్యాండుబ్యాగు మరచిపోమన్నారు. ఆ అమ్మాయి చక్కగా మరచిపోయి, నవ్వుతూ చెయ్యి ఊపుతూ దిగింది. దిగాక ఫోను కూడా అందులోనే ఉండిపోయిందని తెలిసి ఏడుపందుకుంది. ఆ ఏడుపు మూడు లక్షల మంది చూశారు.

అప్పుడు ప్రజలకి అవగాహన వచ్చింది.

ముందుగా వచ్చింది గోపవరంలో ఒక ఇల్లాలికి. కొండగుంటలో ఉన్న కూతురికి ములక్కాడలు పంపాలంటే బస్సులో పార్సెలు రుసుం కట్టాలి. మరచిపోతే ఏమీ కట్టక్కర్లేదు. ఆవిడ ఆరు పదికి బస్సులో కట్ట పెట్టి దిగిపోయింది. కూతురు ఏడింటికి లోవరాజు గదికి వచ్చి, ఫోనుకి వచ్చిన కోడు చూపించి, పేజీకి అయిదు చుక్కలు ఇచ్చి, కట్ట పట్టుకుపోయింది. మర్నాడు గోపవరమంతా మరచిపోయింది. ఆ తరవాత రూట్లన్నీ మరచిపోయాయి. మామిడిపళ్ళ బుట్టలు, బియ్యం బస్తాలు, ఒక కుట్టు మిషను, పురిటికి వెళ్ళిన కోడలికి కాయం మందు, ఇస్త్రీకి ఇచ్చిన బట్టలు. ఒక కోళ్ళ వ్యాపారి వారానికి రెండుసార్లు నలభై కోళ్ళని మరచిపోయేవాడు. బంగారు సభ్యత్వం మొదట అందుకున్నది అతనే.

పక్కనే ఉన్న పార్సెలు విభాగంలో ఈగలు తోలుకుంటున్నారు. పార్సెలు గుమస్తా వచ్చి, "రాజుగారూ, మా కడుపు కొడుతున్నారండి," అన్నాడు. ఆ నెల వృద్ధి ముప్పై శాతం కాదు, నాలుగు వేల రెండు వందల శాతం వచ్చింది. ప్రధాన కార్యాలయం నుంచి అభినందన లేఖ వచ్చింది. పార్సెలు విభాగానికి తాఖీదు వచ్చింది.

గది నిండింది. వరండా నిండింది. ప్రయాణికులు కూర్చునే హాల్లో బెంచీల మీదకి సామాన్లు ఎక్కాయి, ప్రయాణికులు ఎండలో నిలబడ్డారు. 'ప్రయాణికులు సామాన్లకు ఇబ్బంది కలిగించరాదు' అని బోర్డు కట్టారు. సామాన్లకి ఫోటోలు తియ్యడానికి ప్రత్యేకంగా ఒక బృందాన్ని వేశారు. బస్సు ఆగగానే వాళ్ళే ఎక్కి, ఫోటో తీసి, నంబరు అంటించి, గుట్టలో పడేస్తారు. లోవరాజు బల్ల మీదకి సామాను రావడం మానేసింది. ఎవరిదో, ఎక్కడిదో, ఏ సీటులోదో అతనికి తెలీదు. రోజంతా కోడు చూడటం, నంబరు చూడటం, ఇవ్వటం. మీసానికి రంగు వెయ్యడం మానేశాడు. నిజంగా పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా వస్తే, ఆ గుట్టలో వాళ్ళ చెప్పులజతో, మందుల సంచో ఎక్కడుందో అతనికే దొరికేది కాదు. వాళ్ళు వెళ్ళిపోతుంటే చూడలేక తల తిప్పుకునేవాడు.

ఇంకొక కొత్త నిబంధన వచ్చింది. వెయ్యి లైకులు దాటిన సామాను 'స్టార్ వస్తువు'. దాన్ని అద్దాల బీరువాలో ప్రదర్శనకి పెట్టాలి. దాని గిరాకీ తగ్గేవరకూ ఎవరికీ ఇవ్వకూడదు.

శనివారం మధ్యాహ్నం మూడు నలభైకి మంగతాయారు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది, తీసి ఇంట్లో పెట్టడం మరచిపోయినట్టుంది. కొండగుంట గాంధీ వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ.

"బాబాయ్‌గారండీ, పొద్దున్న ఎనిమిదింబావు రాయవరప్పాడు బస్సులో నా సంచి పోయిందండీ. పసుపుపచ్చ గుడ్డసంచి. రేపు తెల్లారగట్ల అక్కడ పెళ్ళండీ. పెళ్ళికూతురి జాకెట్టు అందులో ఉందండీ. నెలరోజులు కూచుని మగ్గం పని చేసేనండీ."

"ఏ సీటులో కూచున్నావమ్మా?" అన్నాడు లోవరాజు. చాలా రోజుల తరవాత ఆ ప్రశ్న అతని నోట వచ్చింది.

"వెనక నుంచి మూడో వరసండీ, ఎడంపక్క. కాళ్ళ దగ్గర పెట్టుకున్నానండీ. దిగేక గుర్తొచ్చి కేకేసేను గానీ బస్సు ఆగలేదండీ. కండక్టరుగారు నన్ను చూసి మొహం అటు తిప్పేసుకున్నాడండీ."

ఆ సంచి ఎక్కడుందో అతనికి తెలుసు. అతని వెనకే, అద్దాల బీరువాలో ఉంది. ఎర్ర పట్టు జాకెట్టు మీద బంగారు నెమలి పైకి కనిపించేలా మడిచి పెట్టారు. పొద్దున్న ఫోటో పెడితే ఇప్పటికి అరవై రెండు వేలమంది చూశారు. 'ఈ పెళ్ళికూతురు ఎవరు? చెప్పుకోండి చూద్దాం' అని పరాంకుశంగారు పోటీ పెట్టించారు. ఫలితాలు సోమవారం. జాకెట్టు మాదేనని అప్పటికే ఏడు వందల మంది రాసి ఉన్నారు.

"ఫోన్లో కోడు వచ్చిందామ్మా నీకు?"

"నాది నొక్కుల ఫోనండీ."

"సంచిలో ఇంకేం ఉన్నాయో చెప్పు."

"పదకొండు ఆది జాకెట్లున్నాయండీ." కొలతకని ఆడవాళ్ళు ఇచ్చే పాత జాకెట్లన్నమాట. "అయ్యి పోయినా నా బతుకు అయిపోయినట్టేనండీ. మళ్ళీ ఎవరు నమ్మి ఇస్తారండీ?"

లోవరాజు బీరువా తాళం తీశాడు. సంచి బల్ల మీద పెట్టి, తనవైపు తిప్పుకుని, అడుగు నుంచి ఒక్కొక్కటీ తీశాడు. పైనున్న పట్టు జాకెట్టుని లోకమంతా చూసింది. అడుగున ఉన్నవాటిని ఎవరూ చూడలేదు.

"నీలం రంగుది?"

"ప్రెసిడెంటుగారి కోడలిదండీ. ఎడం చెయ్యి వదులు, కుడి చెయ్యి బిగువు. ఆవిడ కుడిచేత్తో బోరింగు కొడతాదండీ."

"చుక్కలది?"

"పాల సెంటరు సుందరమ్మగారిది. మెడ కిందకి అడుగుతారు, ఆళ్ళత్తగారు చూస్తే తిడతాదని మళ్ళీ పైకంటారు. రెండు కుట్లూ కనిపిస్తాయి చూడండీ."

లోవరాజు చూశాడు. రెండు కుట్లూ ఉన్నాయి. పదకొండింటికీ ఆవిడ పదకొండుగురు మనుషుల్ని చెప్పింది. లావెక్కినవాళ్ళని, చిక్కినవాళ్ళని, ఎత్తు భుజం వాళ్ళని. అప్పుడు అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆరు నెలల తరవాత ఒక సామాను ఎవరిదో అతనికి తెలిసింది. గోడ గడియారం నాలుగూ అయిదు చూపిస్తోంది.

"నాలుగుంపావుకి రాయవరప్పాడు బస్సుందమ్మా, నాలుగో నంబరు ప్లాట్‌ఫారం. ఇక్కడో సంతకం పెట్టి పరిగెత్తు," అని పాత రిజిస్టరు తీశాడు. అందులో ఆరు నెలలుగా ఎవరూ సంతకం పెట్టలేదు. మంగతాయారు సంతకం పెట్టి, సంచి గుండెకి హత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తింది.

సోమవారం పరాంకుశంగారు దిగారు. పోటీకి వచ్చిన పద్దెనిమిది వేల జవాబులు ఆయన చేతిలో ఉన్నాయి, బీరువాలో సంచి లేదు.

"వస్తువు ఏది?"

"సొంతదారుకి ఇచ్చేసేనండి."

"ఎవరి అనుమతితో?"

"ఆవిడదేనండి అది."

"అది అప్రస్తుతం! అరవై రెండు వేలమంది ఆసక్తిని మీరు ఒక్కరికి ధారాదత్తం చేశారు. రికార్డు ప్రకారం ఆ వస్తువు ఇంకా బీరువాలోనే ఉంది. ప్రత్యక్షంగా లేదు. ఈ వ్యత్యాసాన్ని నేను పైవారికి ఏమని నివేదించను?"

త్రిమూర్తులుగారు మొదటిసారి తల ఎత్తాడు. "సార్, పోనీ దీన్ని ఏదో విధంగా సర్దుబాటు చేసే మార్గం..." అన్నాడు. లోవరాజుని కాపాడాలనే అన్నాడు పాపం. దాని ఫలితంగా బుధవారం ఈ ఉత్తర్వు వచ్చింది:

"వస్తువు సంఖ్య 1862ను అనధికారికముగా దాని యజమానికి అందజేసిన లోవరాజు చర్య తీవ్రముగా పరిగణింపబడినది. అయినను అతని పూర్వ వృద్ధిని దృష్టిలో నుంచుకొని ఒక అవకాశము ఇవ్వడమైనది. సదరు యజమాని సదరు సంచిని సదరు పదకొండు ఆది జాకెట్లతో సహా అదే బస్సులో, అదే సీటులో తిరిగి పోగొట్టుకొనవలెను. అనంతరము వస్తువు యథావిధిగా స్వీకరింపబడి, కోడు, చుక్కల మదింపు పూర్తి అయిన పిమ్మట విడుదల చేయబడును. అయిదు దినములలో ఇది జరగనిచో లోవరాజు కొండ రూటునకు పంపబడును."

లోవరాజు ఆ కాగితం పట్టుకుని గాంధీ వీధికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి చదివి వినిపించాడు. అడగాలంటే అతనికి సిగ్గేసింది. మంగతాయారు మిషను ఆపి మొత్తం విని, "దానికేం బాబాయ్‌గారండీ, పోగొట్టేస్తాను," అంది. "పెళ్ళి బాగా జరిగిందండీ. నెమలిని చూసి అందరూ ఎవరు కుట్టేరని అడిగేరంట. మీకోసం ఆమాత్రం పోగొట్టలేనా?"

గురువారం ఎనిమిదింబావు బస్సులో వెనక నుంచి మూడో వరసలో ఎడంపక్క సంచి పెట్టి, రాయవరప్పాడులో దిగిపోయింది. పది అడుగులు వేసేలోగా కిటికీల్లోంచి పదిమంది అరిచారు. కండక్టరు నిబంధన ప్రకారం మొహం తిప్పుకున్నాడు. డ్రైవరు కూడా తిప్పుకున్నాడు. ప్రయాణికులకి ఆ మెమో అందలేదు. ఎవరో బస్సుని అరచేత్తో దబదబా బాది ఆపించి, సంచి చేతికిచ్చి, "బట్టల సంచి వొదిలేస్తారేటండీ, బాగానే ఉన్నారా?" అని కోప్పడ్డారు.

శుక్రవారం ముందు జాగ్రత్తగా సంచిని సీటు కిందకి తోసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు నటించి దిగింది. ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఒక ముసలావిడ వచ్చింది. పక్క సీటులో కూర్చున్న ఆవిడే. సంచిలో రకరకాల కొలతల జాకెట్లు చూసి, కొండగుంటలో కుట్టుపని చేసేవాళ్ళ ఇళ్ళన్నీ అడుగుతూ ఎండలో నడిచి వచ్చింది. మంగతాయారు ఆవిడకి మజ్జిగిచ్చి, సంచి తీసుకుని, లోవరాజు గదికి వచ్చింది.

"ఇది పోవట్లేదండీ," అంది దిగులుగా. "జనం ఊరుకోట్లేదు."

సోమవారానికి గడువు తీరిపోతుంది. శనివారం లోవరాజు సెలవు పెట్టి తనే బస్సెక్కాడు. వెనక సీటులో కూర్చుని, ఎవరైనా నోరు తెరిస్తే ఏదో ఒక కబురుతో ఆపుదామని అతని ఆలోచన. అటు ముగ్గురితో, ఇటు నలుగురితో ముందే మాట కలిపాడు. ములక్కాడ కూర మనిషి అని జనం గుర్తుపట్టి సంతోషంగా చుట్టూ మూగారు. అందరి మొహాలూ అతనివైపే ఉన్నాయి. రాయవరప్పాడు స్టాపులో మంగతాయారు లేచింది. అతనివంక ఒక్కసారి చూసి, ఖాళీ చేతులతో దిగిపోయింది. ఎవరూ చూడలేదు. కండక్టరు రైటన్నాడు, బస్సు కదిలింది. లోవరాజు మోకాళ్ళు కూడా ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాయి.

పసుపుపచ్చ సంచి సీటు మీద ఒంటరిగా కూర్చుని ఉంది. నీలం రంగు జాకెట్టు అంచు బయటికి కనిపిస్తోంది.

"అమ్మా! సంచీ!" అని బస్సదిరేలా ఒక కేక వినబడింది. డ్రైవరు అదిరిపడి బ్రేకు వేశాడు. అప్పటికే లోవరాజు సంచి పట్టుకుని, మెట్ల మీద నిలబడి, కింద నిలబడిపోయిన మంగతాయారుకి అందిస్తున్నాడు.

సోమవారం పొద్దున్న అతని సంజాయిషీ త్రిమూర్తులుగారి బల్ల మీదకి వచ్చింది. నాలుగే వాక్యాలు.

"అయ్యా, సంచిని పోగొట్టడానికి మూడుసార్లు ప్రయత్నం చేసినాము. మొదటి రెండుసార్లూ ప్రయాణికులు పోనివ్వలేదు. మూడోసారి పోనివ్వనిది నేనే. నన్ను బస్సు మీదకే పంపగలరు."